నాలుగు వేళ్ళ గుడ్డ

ప్రియమైన కాజాలమ్మకి,

ఫోన్లో నువ్వు ఊఁ, ఆఁ తప్ప మాట్లాడవు కనుక రాస్తున్నాను. కడుపులో సగం తీసేశాం, క్యాన్సర్ గడ్డ మొత్తం వచ్చేసింది అని డాక్టరు చెప్పి పన్నెండు రోజులైంది. నేను షాపులో కూర్చున్నానన్న మాటే గానీ ప్రాణమంతా నీ వార్డులోనే ఉంది. నువ్వు లేక కాజాలు కూడా నేనే కుడుతున్నాను. నిన్న ఒకాయన చొక్కా బొత్తాలతో పది నిమిషాలు కుస్తీపట్టి, చివరికి తల మీంచి దూర్చుకుని వెళ్ళిపోయాడు.

నువ్వు నాలుగు చెంచాల సూపు తాగి గిన్నె పక్కకు నెట్టేస్తున్నావట, నర్సు చెప్పింది. బరువు పెరిగితేనే ఇంటికి పంపుతారట. తిను. అంతా బాగైపోతుంది, నాదీ పూచీ.

ఇట్లు,
నీ షాపు యజమాని, ఇంట్లో నౌకరు

ప్రియమైన రేపు టైలర్ గారికి,

ఊరంతా పిలిచే పేరే, నేను పిలిస్తే తప్పా? ముప్పై ఏళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళకీ రేపు తప్పకుండా ఇచ్చేస్తానంటారు. పెళ్ళికొడుకు సూటు పెళ్ళయిన మూడో రోజున ఇచ్చిన మనిషి మీరు. అదే నోటితో అంతా బాగైపోతుందంటే ఎలా నమ్మను? ఇక్కడి డాక్టరూ మీ దగ్గరే పని నేర్చుకున్నట్టున్నాడు. ఇంటికెప్పుడండీ అంటే, రేపు చూద్దాం అంటాడు.

నాకు తినాలని లేదు. తిని ఎన్నాళ్ళుంటానులే అనిపిస్తోంది. భయంగా ఉందండీ.

వార్డు చలిగా ఉంది, ఒక కోటు కుట్టి పంపండి. పాత కొలతలు వద్దు. నర్సు టేపు పెట్టి చూసింది. ఛాతీ ముప్పై, నడుము ఇరవై ఐదు. ఉన్నన్నాళ్ళకి అది చాలు.

ఇట్లు,
మీ సగం కడుపు భార్య

ప్రియమైన కాజాలమ్మకి,

కోటు పంపుతున్నాను. అడిగిన నాలుగో రోజుకే. ఈ సంగతి బయటికి పొక్కితే నా పరువు పోతుంది, ఎవరికీ చెప్పకు.

నువ్విచ్చిన కొలతలకే కుట్టాను. పక్క కుట్లు కాస్త మొద్దుగా వచ్చాయి. కళ్ళజోడు మార్చుకోవాలి, ఏమీ అనుకోకు. నీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడం లేదు, ఇస్త్రీ బట్టలు పెట్టి ఉంచాను.

ఇట్లు,
నీ రేపు టైలర్

ప్రియమైన అబద్ధాలకోరు గారికి,

కోటు సరిగ్గా సరిపోయింది. అందుకే ఏడ్చాను. ఈయన కూడా నేనింతేనని ఒప్పేసుకున్నాడు అనుకున్నాను. కానీ ఆ పక్క కుట్టు చేతికి తగులుతూనే ఉంది. మీరు కళ్ళు మూసుకుని కుట్టినా అంత మొద్దుగా రాదని నాకు తెలియదా? నర్సుని కత్తెర అడిగాను. కుట్లు విప్పుకుంటానంటే నా కడుపు మీదవనుకుని ఆవిడ డాక్టర్ని కేకేసింది.

అస్తరు విప్పి చూస్తే రెండు వైపులా నాలుగేసి వేళ్ళ వెడల్పున గుడ్డ మడిచి పెట్టి ఉంది. ఎదిగే పిల్లల బట్టలకి తప్ప మీరు లోపల అంత గుడ్డ వదలడం నేనెన్నడూ చూడలేదు. పెద్దవాళ్ళకి అర వేలు కూడా దండగే అంటారు. మీ నోటిని నమ్మను గానీ మీ కత్తెరని నమ్ముతాను. ఆ పూట సూపు గిన్నె ఖాళీ చేశాను.

ఇది మూడు వారాల కిందటి మాట. మొన్న కోటు బిగుసుకుని బొత్తాం పట్టలేదు. కూర్చుని రెండు పక్కలా కుట్టు ఒక్కో వేలు వదులు చేశాను. బరువు చూసే మిషను కన్నా ముందు డాక్టరుకి అదే చూపించాను. మూడు నెలలకోసారి పరీక్షలకి రావాలట. వస్తానన్నాను.

ఈ ఉత్తరం సాయంత్రానికల్లా అందేలా పక్క మంచం ఆవిడ భర్త చేతికిచ్చి పంపుతున్నాను. రేపు ఇంటికి వస్తున్నాను. మీ రేపు కాదు, క్యాలెండర్లో ఉండే రేపు. నా కుర్చీలోంచి ఇస్త్రీ బట్టలు తీసేయండి, మీరు పాడుచేసిన కాజాలన్నీ ఒకచోట పెట్టండి. లోపల ఇంకా మూడు వేళ్ళ గుడ్డ మిగిలే ఉంది.

ఇట్లు,
ఆకలితో,
మీ కాజాలమ్మ