ఎరుపు దగ్గర ఆగిన బండి

ఆదివారం, రాత్రి భోజనం అయ్యాక

ఇవాళ పోట్లాటకు సిద్ధపడే క్లాసుకు వెళ్లాను. రైల్వే కాలనీ పిల్లలకు నేను ఆదివారాలు చెప్పే తెలుగు చదువు జ్యోతి చేత మాన్పిస్తానని వాళ్లమ్మ కబురు పెట్టింది. తెలుగుతో ఉద్యోగాలొస్తాయా అట! ఉద్యోగం ఇవ్వనివన్నీ పారేస్తే ఇంట్లో నవ్వు కూడా మిగలదు. ఈ మాట ఆమె మొహానే అనాలనుకున్నాను.

పోయినవారం రంగుల పేర్లు రంగు చాక్‌పీసులతో రాస్తే, దొంగలు, అక్షరాలు చూడకుండా రంగు చూసి చెప్పేశారు. అందుకే ఇవాళ అట్టముక్కల మీద అన్నీ నల్ల సిరాతో రాశాను. పిల్లలు రైలుబండి, నేను సిగ్నల్. 'ఎరుపు' ఎత్తితే బండి ఆగకుండా నన్నే గుద్దేసింది. ఇంజను మా లోకో పైలట్ కూతురు జ్యోతే. రెండోసారి కూడబలుక్కుని చదివి ఆగింది.

అప్పుడే వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"రాయే, ఇంటికెళ్దాం."

"ఎలగొస్తానమ్మా? ఎరుపుంది."

"ఏటే ఎరుపు? అంతా నల్లగా ఉంటే!"

"రంగు కాదు, చదువు. నాన్న ఎరుపు దాటేస్తాడేటి? డ్యూటీ పోదూ?"

ఆమె అట్ట వైపు కళ్లు చికిలించి చూసింది. ఆమెకూ చదవడం రాదని నాకు అప్పుడే తెలిసింది. పోట్లాట సంగతి మరచి, అట్టను ఆమెకు బాగా కనబడేలా ఎత్తి పట్టాను. ఆమె పకపకా నవ్వేసింది.

"అచ్ఛా మేస్టారూ, పచ్చ ఇయ్యండి. పొయ్యి మీద పప్పుంది."

'ఆకుపచ్చ' ఎత్తాను. జ్యోతి ఒక్కో అక్షరమూ చదివాకే కదిలింది. వెనకాల వాళ్లమ్మ పెదాలు కూడా కదిలాయి.

వచ్చే ఆదివారం పంపుతుందో లేదో చెప్పలేదు. ఎరుపు అట్ట మాత్రం అడిగి తీసుకెళ్లింది.