అమ్మ కుట్టిన జీను మెత్త

నారిన్, జూన్ 9

నాన్నా ఎర్మెక్, నేను కోలుకుంటున్నాను, కంగారుపడకు.

మీ అమ్మ పోయాక, ఆమె కుట్టిన జీను మెత్త అరిగిపోతుందని పెట్టెలో దాచాను. పోయిన నెలలో వృషణంలో నొప్పి మొదలైతే వట్టి జీను వల్లే అనుకుని మెత్త తీసి వేసుకున్నాను. తగ్గలేదు. వాపు, జ్వరం వచ్చాక ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు మీ అనారా పిన్నే. సిగ్గుతో నసుగుతుంటే, "గుర్రం కుంటితే ఆ పూటే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తుతావు, నీకైతే పది రోజులా బావా?" అంది. ఇన్ఫెక్షనట, మందులతో తగ్గుతోంది. మీ అమ్మ ఉంటే నేను గుర్రం దిగే తీరు చూసే కనిపెట్టేది.

సరిహద్దు కాపలాలో నువ్వూ రోజంతా గుర్రం మీదే ఉంటావు. అక్కడ ఉన్నట్టుండి గట్టిగా నొప్పి వస్తే తప్పు జీను మీదికి నెట్టకు. వృషణం మెలిపడితే కొన్ని గంటల్లోనే పాడైపోతుందట. వెంటనే ఆసుపత్రికి వెళ్లు. నొప్పి లేని గడ్డ తగిలినా చూపించుకో. తోటివాళ్లు నవ్వితే నవ్వనీ.

నేను పంపిన ఎండు పెరుగు ఉండలు, కురుత్, అందాయా? బూడిదరంగు పిల్లగుర్రం కళ్లెం ఎక్కడ పెట్టావు?

మెత్తను మళ్లీ పెట్టెలో పెట్టలేదు. అమ్మ కుట్లు గట్టిగానే ఉన్నాయి. నువ్వు సెలవుకు వచ్చినప్పుడు నీ జీను మీద వేస్తాను.

నీ గుర్రం తడబడకుండా ఉండాలి.

నాన్న