నీలం లేని పుల్లలు

సింహాద్రిపురం,
1960 మార్చి

నా బిడ్డ ఇక్బాల్‌కు అబ్బాజాన్ హబీబుల్లా దువా.

పులివెందుల ఎగ్జిబిషన్‌లో నలుగురి ముందర నా పరువు తీశావు. ఐదేండ్లయింది, నేను మరిచిపోలేదు. ఊరూరా నీళ్ల చోటు చూపించేవాడి కొడుకు లెక్కల చదువు చదివాడు. కర్నూలు ఆఫీసులో చేరి మొదట చేసిన పని తండ్రి బావులను లెక్కపెట్టడం.

ఆ చెక్క పలక ఇంకా నా కళ్లలోనే ఉంది. తాలూకా పటం గీసి, బావి ఉన్న చోటల్లా బెజ్జం పెట్టి, ఒక్కోదాంట్లో ఒక పుల్ల దించావు. పుల్ల పొడవే బావి లోతు. నీళ్లున్నంత మేర నీలం రంగు. ఉత్త అంకెలు రాసి పెడితే ఎవరు చదివేవారు? నువ్వు పుల్లలు జనం చేతికే ఇచ్చావు. మన ఊరి చుట్టూ ఉన్న పుల్లలు నేనే నా చేత్తో లాగి చూశాను. నేను చూపించిన బావుల్లో సగానికి పైగా నీలం లేదు. వెనక ఎవడో అన్నాడు:

"హబీబుల్లా మామ బావుల్లో గొర్రెల్ని మేపుకోవచ్చప్పా."

అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. "అబ్బాజాన్, బండ గీతలు గీసిన ఈ నూనె కాగితం పటం మీద పరిచి చూడు. కింద బండ యాడుందో తెలుస్తాది" అన్నావు. కాగితం విసిరేసి బస్సెక్కాను. అప్పటి నుంచి నీకు ఒక్క ముక్క రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. మన వీధి సైదాబీ మొగుడు పోయాడు. వంక పక్క చేనొక్కటే మిగిలింది. బావి తవ్వాలంటుంది. నీళ్లు పడకపోతే ఆ చేను కూడా పోతుంది. నీళ్లు చూసే వేప పంగ కర్ర పట్టుకుని చేనంతా నడిచాను. ఈశాన్యం మూల పంగ తిరిగింది. అది చేతుల్లో తిరుగుతుంటే సిగ్గేసింది ఇక్బాల్. ఆ ఎండిన బావుల దగ్గరా ఇట్లాగే తిరిగింది కదా.

"యాడా తిరగలేదమ్మా" అన్నాను.

"చూసినాలే మామా, పంగ వొంగింది. కొడుకు పలకకు భయపడినావా ఏంది?"

"నేను కన్నోనికి నేను భయపడేదేంది" అన్నాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

నువ్వు హైదరాబాదు పోయాక జిల్లాకొక పలక చేస్తున్నావని, ప్రొద్దుటూరులో జనం వరుసలో నిలబడి మరీ పుల్లలు లాగారని అక్కడికి పోయొచ్చిన నబీ రసూల్ చెప్పాడు. మన తాలూకాది నీ దగ్గర ఉంటుంది. ఆమె చేను వంకకు తూర్పున, సున్నపు బట్టీకి ఎగువన. ఆ చుట్టుపక్కల పుల్లలు లాగి, ఆ కాగితం పరిచి చూడు. తవ్వొచ్చో వద్దో, తవ్వితే ఏ మూలో రాయి. నాకు నొప్పి కలగకుండా రాయాలని చూడొద్దు.

శుక్రవారం జుమా నమాజు కాగానే గడ్డపార వేయాలని కూలీలకు చెప్పేసింది. నీ జవాబు బేస్తవారం టపాలో నా చేతికి రావాలి. ఆలస్యమయ్యేట్టుంటే తంతి కొట్టు. వస్తే నీ మాటగానే ఆమెకు చెబుతాను, నా మాటగా చెప్పను. రాకపోతే ఆమె మళ్లీ నన్నే అడుగుతుంది. నలుగురి ముందర నాకు తెలియదని చెప్పే ధైర్యం లేక చూపిస్తాను. నన్ను అంత పని చేయనీయొద్దు. బేస్తవారానికి జవాబు కావాలి.

అబ్బాజాన్
హబీబుల్లా