పదకొండు కార్డులు

ఫెడరల్ కోర్టు గుమాస్తా గారికి,

మా వీధి బావినీళ్లు పాడుచేసిన కంపెనీ మీద వేసిన కేసు కౌంటీ కోర్టు నుంచి మీ దగ్గరికి మారిందని అందరికీ నోటీసు వచ్చింది, దాంతోపాటు ఒక కార్డు. సంతకం చేసి పంపితేనే కేసులో చేరినట్టని అనుకుని, పదకొండు ఇళ్లూ తిరిగి నేనే పంపించాను. తీరా చూస్తే అది తప్పుకునేవాళ్ల కార్డట. ఊరుకున్నవాళ్లే కేసులో ఉన్నట్టట.

డయాలసిస్‌కు వెళ్లే పక్కింటి ఆర్విల్ "ఇప్పుడు సంతకమెందుకమ్మా?" అన్నాడు. కలం నేనే చేతిలో పెట్టాను.

మా కౌంటీ గుమాస్తా లొరెట్టా అయితే "ఏంటే, వీధి వీధంతా తప్పుకుంటున్నారా?" అని ఫోన్ చేసేది. మీకు మేమెవరమో తెలియదు.

కార్డులు వెనక్కి తీసుకోవడానికి శుక్రవారం ఆఖరు, ఎవరి ఉత్తరం వాళ్లే రాయాలంటున్నారు. నా ఒక్కదాని ఉత్తరంతో అందరివీ రద్దు చేయగలరా?

వీధిలో ఎవరికీ నేనింకా చెప్పలేదు. కార్డు పోస్టు చేసినందుకు ఈ పొద్దున కూడా ఆర్విల్ నాకు థాంక్స్ చెప్పాడు.