ఎడమ కిడ్నీ మినహా నా సర్వస్వం

నేను, టైలరు పెద్దకూతురిని, వయసు ఇరవై ఎనిమిది, మా ఇంట్లో బడి గడప దాటిన మొదటి మనిషిని, వృత్తిరీత్యా షుగర్ ఉన్న కుర్రకారుకు దూరం నుంచే, ఫోన్‌లోనూ వీడియోలోనూ, తిండి, నిద్ర, నడక సర్దుకోవడం నేర్పే కోచ్‌ని. స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది. స్వస్థచిత్తం అన్న మాట దగ్గర లాయరు గారు తలెత్తి నా మొహం చూశారు. కిందంతా చదివాక మళ్ళీ చూశారు. అసూయ ఉన్నంత మాత్రాన మతి పోయినట్టు కాదని ఆయనకు చెప్పాను. ఇక్కడా రాస్తున్నాను.

వచ్చే వారం నా ఎడమ కిడ్నీని మా చెల్లికి పెడతారు. ఇచ్చినవాళ్ళు దాదాపు అందరూ నడుచుకుంటూ ఇంటికి పోతారని డాక్టరమ్మ చెప్పింది. ఆ 'దాదాపు' కోసమే ఈ కాగితం.

1. సదరు ఎడమ కిడ్నీ ఈ వీలునామాలోని ఆస్తి కాదు. బతికుండగా ఇచ్చేది దానం, పోయాక చెందేది వీలునామా అని లాయరు గారు విడమరిచారు. కాబట్టి అది దానమే. నాన్న మాత్రం, "దానికి బాగైపోతే మళ్ళీ నీకు పెట్టరా అమ్మా?" అని అడిగాడు. పెట్టరు నాన్నా. చెల్లికి ఒక్క మాట: దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకు.

2. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత వ్యాను నడిపే మా మేనమామది. సాక్షులుగా ఇద్దరు కావాలి. వీలునామా వల్ల ఏదైనా పొందేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదట. అందుకే మొదటి సాక్షిగా మా ఆఫీసులో నా పక్క బల్ల ఆవిడను పిలిచాను. ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇచ్చే ఉద్దేశం అసలే లేదు. ఆఫీసంతా ఆమెను తేనెగొంతు అంటారు. షుగర్ ఉన్నవాళ్ళతో మాట్లాడే మనిషికి అదేం పేరని చేరిన రోజే అడిగాను. అందరూ నవ్వారు. నేను నవ్వించాలని అడగలేదు.

3. లాండ్రీలో ఇస్త్రీ చేసే మా అమ్మకు: గోడ మీద అద్దం కట్టించిన నా డిగ్రీ పట్టా. అందులో ఏం రాసి ఉందో ఆమె ఎన్నడూ అడగలేదు గానీ, దాని మీద దుమ్ము నిలవనివ్వదు. నా కుర్చీ కింద ఉండే కాళ్ళపీట కూడా ఆమెకే. రోజంతా నిలబడే మనిషి, సాయంత్రం కాళ్ళు పెట్టుకోవాలి.

అమ్మా, ఒక సంగతి. చెల్లికి పన్నెండో ఏట షుగర్ వచ్చింది, ఇన్సులిన్ లేనిదే పూట గడవని రకం. ఆ రోజు నుంచి నువ్వు గుమ్మంలో అడుగు పెడుతూనే, "తిన్నావా?" అని దాన్నే అడుగుతావు. నేను ఆ పక్కనే ఉండేదాన్ని. ఓసారి బడిలో కళ్ళు తిరిగాయని చెప్పి పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. నువ్వు సంతోషంతో ఏడ్చావు. నేనూ ఏడ్చాను, అది సంతోషం కాదు.

4. నాన్నకు: నా హెడ్‌ఫోన్ సంచి. చెల్లి ఇన్సులిన్ పెన్నులు పెట్టుకోవడానికి నువ్వు నీలం గుడ్డతో లోపల మెత్తటి అస్తరు వేసి సంచి కుట్టావు. నాకు ఉద్యోగం వచ్చాక నేనూ ఒకటి అడిగితే, దాని సంచి కుట్టగా మిగిలిన ముక్కలు అతికి కుట్టిచ్చావు. కుట్టు చక్కగానే ఉంది. ఇకముందు ఎవరికి కుట్టినా తానులోంచి కోసి కుట్టు నాన్నా.

5. నా దగ్గర సలహా తీసుకునే కుర్రకారు గురించి. వాళ్ళను తేనెగొంతుకు తప్ప ఎవరికైనా అప్పగించమని రాయబోయాను. మనుషులు ఆస్తి కారు, పంచే హక్కు నీకు లేదని లాయరు గారు కలం ఆపించారు. సరే, ఎవరికి దక్కినా ఇవి తెలుసుకోండి.

బైకు మెకానిక్‌కు భోజనానికి వేళంటూ లేదు. గడియారం చూసి తినమంటే, "బండి విప్పాక కడుపు గుర్తుండదు మేడం," అంటాడు. బండి విప్పే ముందు తినమనండి, వింటాడు. రాత్రిపూట పనిచేసే నర్సమ్మాయికి మనం 'పొద్దున' అంటే చిరాకు. 'నువ్వు లేచాక' అనండి. కాలేజీ కుర్రాడు, "అంతా సూపరండీ," అన్న రోజే భయపడాలి. రీడింగులు అడగొద్దు, నిన్న ఎవరితో గొడవైందని అడగండి. ఎవరి కంచం ఫొటో వచ్చినా ముందు బాగుందనండి, తర్వాత తగ్గించమనండి. తిట్టినవాళ్ళకు రెండో ఫొటో రాదు.

6. చెల్లికి: కిటికీ పక్క మంచం, అది అడగకుండా వేసుకుపోయే పసుపు రెయిన్‌కోటు, నా ఫోను.

ఇక్కడ కొంత వివరం అవసరం. మా ఆఫీసులో సొంతవాళ్ళకు సలహా చెప్పకూడదని నియమం. ఇంటి వైద్యం ఇంటికి పనికిరాదని పెద్ద సారు అంటారు. చెల్లి ఇంజెక్షన్లు ఎగ్గొట్టి ఎగ్గొట్టి రెండు కిడ్నీలూ పాడుచేసుకున్నాక నేనే దాన్ని బతిమాలి మా సంస్థలో చేర్పించాను. తీసుకెళ్ళి తేనెగొంతుకిచ్చారు. దాని కోసం ఈ చదువు చదివింది నేను, దానికి చెప్పేది ఆమె. మా ఇద్దరి మధ్య ఒక ప్లైవుడ్ చెక్క అడ్డు.

చెల్లి కాల్ మధ్యాహ్న భోజనాల వేళకు వస్తుంది. నాకు సగమే వినబడుతుంది. "అవునా! తర్వాత?" అని తేనెగొంతు పకపకా నవ్వుతుంది. మా చెల్లి అంత నవ్వొచ్చే మాటలు చెప్పగలదని నాకు తెలియదు. ఇంటికెళ్ళి ఏం మాట్లాడుకున్నారే అంటే, "చెప్పకూడదు, మీ ఆఫీసు రూలేగా," అంటుంది. ఓ రోజు నోరు జారి, "అక్క నడవమంది," అంది. ఏ అక్క అన్నాను. ఈ ఇంట్లో అక్క ఒక్కతే అన్నాను. ఆనాటి నుంచి నా ముందు ఆమెను మేడం అంటోంది. నా వెనక ఏమంటోందో నాకు తెలుసు.

షుగర్ అదుపులోకి వచ్చింది. ఆపరేషన్‌కు పనికొస్తుందని డాక్టరమ్మ మెచ్చుకుంటే చెల్లి గొప్పగా, "మా మేడం," అంది. నేను పక్కనే ఉన్నాను, ఎప్పటిలాగే.

తీరా నా కిడ్నీ సరిపోతుందని తేలాక చెల్లి వద్దంది. "అక్క దగ్గర తీసుకుంటే జన్మంతా లెక్క చెప్పాలి. అమ్మ తిన్నావా అంటుంది. ఇదేమో షుగర్ ఎంతుంది అంటుంది. నేను దీనికి మీటర్‌లో అంకెనే," అని అమ్మతో చెప్పింది. బైకు మెకానిక్‌ను నేను ఎన్నడూ అలా అడగలేదు. సొంత చెల్లిని తప్ప ఎవరినీ అడగలేదు. ఇంట్లో ఎవరు నచ్చజెప్పినా వినలేదు.

మర్నాడు కాల్‌లో తేనెగొంతు నచ్చజెప్పనే లేదు. చెక్కకు ఇవతల నేను విన్నది ఇదీ: "వద్దంటే వద్దులే. ఒంటి సంగతి, నీ ఇష్టం. కానీ ఒక మాట చెప్తా, నామీద కోప్పడకు. నీ కాల్ ఉన్న రోజు మీ అక్క భోజనానికి లేవదు. నా పక్కనే హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఏదో పనున్నట్టు కూర్చుంటుంది. డబ్బా మూత కూడా తియ్యదు, చప్పుడవుతుందని." ఆ తర్వాత, "ఏడిస్తే ఏడువు గానీ, ముందు షుగర్ చూసుకో," అంది.

ఆమెకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే నవ్వు కాస్త గట్టిగా నవ్వేదేమో, నాకు వినబడాలని. అదీ నాకు నచ్చలేదు.

ఆ సాయంత్రం చెల్లి నా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. "తిన్నావా?" అని అడిగింది. పన్నెండేళ్ళ వయసు నుంచి అది వింటూ వచ్చిన మాట, నన్ను అడగడం అదే మొదలు. లేదన్నాను. "నాకు తెలుసు," అని కంచం తెచ్చింది. నేను తింటుండగా, "సరే, ఇవ్వు, తీసుకుంటా," అంది.

నా కిడ్నీ. ఇప్పించింది మాత్రం ఆమె. ఈ ఉక్రోషం నాకు చచ్చేదాకా పోదు. అది వచ్చే వారమైనా, అరవై ఏళ్ళకైనా.

7. పైన చెప్పనివి, అంటే పుస్తకాలు, బట్టలు, గిన్నెలు, అమ్మ ఇష్టం.

8. ఇంతటితో ముగిద్దామనుకున్నాను. సాక్షి సంతకానికి వచ్చిన తేనెగొంతు లాయరు గారి గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. రాసేది ఇంకా ఉందా అని చూడ్డానికి తలుపు తీసి, "మీరు పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నారా?" అని నన్నడిగింది. తలుపు మూసేసి వచ్చి ఇది రాస్తున్నాను.

నేను ఆసుపత్రి నుంచి తిరిగి రాని పక్షంలో, మా చెల్లి నన్ను పిలిచే 'అక్కా' అనే పిలుపును, దానికి సంబంధించిన సమస్త హక్కులతో, అంటే నడవలేదని కోప్పడే హక్కు, కాల్ లేని రోజు కూడా ఫోన్ చేసే హక్కు, అదేం చెప్పినా ముందు నవ్వే హక్కుతో సహా, సదరు తేనెగొంతుకు రాసి ఇస్తున్నాను. వీలునామా గనుక ఇది నా మరణానంతరమే చెల్లుతుంది. అంతవరకు ఆ పిలుపు మీద సర్వహక్కులు నావి. నేను నా కాళ్ళ మీద నడిచి ఇంటికొచ్చిన రోజున ఆమె మేడమే. ఇందులో ఎవరూ బేరమాడరాదు.

చదివి సరిచూసుకుని, పొరపాట్లు లేవని నమ్మి సంతకం చేశాను.

2024 జూన్ 14, శుక్రవారం
(సంతకం) పెద్దది

మొదటి సాక్షి: పక్క బల్ల ఆవిడ. ఎనిమిదో అంశం కింద ఆస్తి పొందుతున్నందున ఈమె పేరు కొట్టివేసి, బదులుగా లాయరు గారి టైపిస్టు సంతకం తీసుకోవడమైనది. కొట్టివేసింది నేనే.
రెండో సాక్షి: కింది మందుల షాపు ఆయన.