దర్జీ అవ్వకు బడి బూట్లు

పిల్లల సహాయ కేంద్రం సమన్వయాధికారి గారికి, మూలకొట్టు దర్జీ అవ్వ నమస్కరించి రాయడం ఏమంటే,

మా పైవాటాలో ఎనిమిదేళ్ల పిల్ల ఉంది. బడి వదిలాక నా కొట్లో కూర్చుని గుండీలు రంగులవారీగా ఏరిపెడుతుంది. అందుకే గుండీ అంటాను. సవతి తండ్రి కొడుతున్నాడండీ. నిన్న గౌనుకు కొలత తీస్తుంటే వీపుమీద బెల్టు వాతలు కనిపించాయి. అడ్డం వెళితే తల్లికీ అవే దెబ్బలు. వాడు రోజూ వచ్చి నా బల్లమీది కాగితాలన్నీ తిరగేస్తాడు, ఎవరికైనా చెబుతున్నానేమోనని. ఎలాగైనా ఆ పిల్లను కాపాడండి.

ఇట్లు,
దర్జీ అవ్వ

తా.క.: మీ ఫారం జతచేశాను. పేరు, వయసు నావే రాశాను. రాసేది నేనే కదా.

చిరంజీవి దర్జీ అవ్వకు ఆశీస్సులు.

నీ ఫారం అందింది. వయసు అరవై రెండని రాశావు. చేయి తడబడి ఉంటుంది. ఆరేళ్లా, రెండేళ్లా? మంగళవారం నర్సమ్మ వచ్చి నీ బరువు చూస్తుంది. పేచీ పెట్టకు.

ఇట్లు,
సమన్వయాధికారి

తా.క.: పాలపళ్లు ఊడాయా?

అయ్యా మహానుభావా,

పాలపళ్లే కాదు, తర్వాత వచ్చినవీ ఊడాయి! నర్సమ్మ నన్ను తూకం ఎక్కించింది. ‘నన్ను కాదు తల్లీ, ఈ పిల్లను చూడు’ అన్నాను. ఆవిడ నయం, గుండీని తెర వెనక్కి తీసుకెళ్లి అరగంట మాట్లాడింది. కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. మీకు చెప్పడం మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

ఇట్లు,
మండిపోతున్న దర్జీ అవ్వ

తా.క.: మీ ఉత్తరం వాడు చదివాడు. ‘ఏం అవ్వా, బళ్లో వేస్తున్నారా?’ అని పగలబడి నవ్వుతూ పోయాడు.

చి. దర్జీ అవ్వకు,

పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదు. గురువారం టీచరమ్మ బడి బూట్లు తెస్తుంది. మీ అమ్మ సంతకం కావాలి.

ఇట్లు,
సమన్వయాధికారి

తా.క.: బూట్లు బిగువైతే ఏడవకు.

అయ్యా,

మా అమ్మ పోయి ముప్పై ఏళ్లు. పైలోకానికి వెళ్లి సంతకం తేవాలా? ఆ టీచరమ్మేమో బట్టలు కుట్టించుకోడానికి వచ్చిన గుండీ తల్లితో తెర వెనక గంటసేపు మాట్లాడి, ఆమె చేత సంతకాలు పెట్టించుకుంది.

ఇవాళ పొద్దున చూస్తే పిల్లా లేదు, తల్లీ లేదు. వాడు వీధులన్నీ గాలిస్తున్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మీరు నాతో ఆటలాడుతూ కూర్చున్నారు. ఆ పిల్లకు ఏమైనా అయితే మీ పాపం ఊరికే పోదు.

ఇట్లు,
దర్జీ అవ్వ

తా.క.: ఆ బూట్లు గుండీకి అతికినట్టు సరిపోయాయి. అవీ కనబడటం లేదు.

పూజ్యులైన అవ్వగారికి నమస్కారాలు.

ముందు నన్ను క్షమించండి. గుండీ, వాళ్లమ్మ మా సంరక్షణ గృహంలో క్షేమంగా ఉన్నారు.

వాడు మీ కాగితాలు తిరగేస్తాడని రాశారు. ఫారంలో చూస్తే మీ పేరే ఉంది. ఆ పొరపాటును అలాగే ఉండనిచ్చాను. నర్సమ్మ దెబ్బలు చూసి రిపోర్టు రాసింది. టీచరమ్మ నిజానికి మా లాయరు. వాడు వాళ్ల దరిదాపులకు రాకూడదని నిన్న కోర్టు ఆర్డరు ఇచ్చింది. మీకు ముందే చెబితే ముఖంలో తెలిసిపోతుందని భయపడ్డాను. మీ కోపం నిజం కాబట్టే వాడు నమ్మాడు. ఈ ఉత్తరం నర్సమ్మ చేతికిచ్చి పంపుతున్నాను, చదివి ఆమెకే తిరిగి ఇచ్చేయండి.

ఆదివారాలు చూడటానికి ఎవరు రావాలని గుండీని అడిగాం. మీ పేరు ఒక్కటే చెప్పింది. ‘ఏమవుతారు?’ అంటే పెన్ను లాక్కుని తనే రాసింది, ‘మా అవ్వ’ అని.

ఇట్లు,
మీ తిట్లన్నీ దాచుకున్న
సమన్వయాధికారి

తా.క.: ఇవాళ బుధవారమే. అప్పుడే గేటు పట్టుకుని నిలబడి, ఆదివారం అయిందా అని అడుగుతోంది.