సారు చూసిన పైకప్పు

చింతకి గ్రామం,
ఆదివారం.

శ్రీశైల్ అన్నకు,

మేము క్షేమం. మా బడి అంతకంటే క్షేమమని మీ ఆఫీసు నుంచి నిన్న కాగితం వచ్చింది. పైకప్పు బాగుందట, నిధులు అక్కర్లేదట. నువ్వు అక్కడే పనిచేస్తున్నావు కాబట్టి నీకే రాస్తున్నాను.

తప్పు మాదేలే. కప్పు చూడడానికి ఇంజనీరు సారు వస్తున్నాడని తెలియగానే సుందరాబాయి అత్త ఇల్లిల్లూ తిరిగింది. "సారు నెత్తి మీద నీళ్లు కారితె ఊరి ఇజ్జత్ ఏం గావాలె?" అన్నది. అందరం పశువుల కొట్టాల మీది రేకులు విప్పి తెచ్చి బడి మీద కప్పాం. గోడలకు సున్నం కూడా వేశాం. బయట వాన కురుస్తుంటే సారు లోపల పొడిగా కూర్చుని కోడికూర రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. కప్పును మెచ్చుకుని, అదే రాసుకుని వెళ్లాడు.

ఆయన జీపు ఊరు దాటకముందే ఎవరి రేకులు వాళ్లు విప్పుకుపోయారు. ఇప్పుడు పశువులు పొడిగా ఉన్నాయి. పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని ఎక్కాలు చదువుతున్నారు.

దయచేసి సారును మళ్లీ పంపించు. "ఈసారి కారే జాగల్నే కుర్చీ ఏద్దాం" అంటున్నాడు మల్లప్ప మామ. వానలుండగానే పంపు. ఎండాకాలంలో వస్తే కప్పు కారడం లేదని మళ్లీ రాసుకుపోతాడు.

బడిలో తడిసి మా అమ్మాయి విద్యకు మూడు రోజులుగా జ్వరం. సారు వచ్చే రోజు ముందే చెప్పు, దాన్ని లేపి ఆయన పక్కనే కూర్చోబెడతాను.

బడి కమిటీలో ఉన్న నీ చెల్లెలు